డెంగీ జ్వరంలో నాడి కూడా చూడండి

(విజయవాడలో ఒక వాకర్స్ సంఘం సమావేశంలో జనరల్ మెడిసిన్ వైద్యుడు చేసిన ప్రసంగానికి, తర్వాత జరిగిన ప్రశ్నోత్తరాలకు అక్షరరూపం)

అందరికీ నమస్కారం. కూర్చోండి.

వానలు పడుతున్నాయి కాబట్టి డెంగీ గురించి నాలుగు మాటలు చెప్పమని సంఘం కార్యదర్శి గారు అడిగారు. దోమలు, డ్రమ్ములు, కూలర్లు, ఫ్రైడే డ్రైడే ఇవన్నీ కార్పొరేషన్ వాళ్లు ఆటోకి మైకు కట్టి వీధివీధినా చెబుతూనే ఉన్నారు. ప్లేట్‌లెట్ల సంగతయితే మీలో చాలామందికి కంఠతా వచ్చు. అందుకని నేను ఇవాళ గుండె గురించి మాట్లాడతాను. డెంగీ వస్తే గుండెకు ఏమవుతుంది, ఏ రోజుల్లో అవుతుంది, ఇంట్లో వాళ్లు దాన్ని ఎలా పసిగట్టాలి అన్నది నా విషయం. ఈ హాల్లో కూర్చున్నవాళ్లలో చాలామంది బీపీకో, షుగర్‌కో, గుండెకో రోజూ మాత్ర వేసుకునేవాళ్లే. డెంగీ పిల్లల జబ్బు అనుకునే రోజులు ఎప్పుడో పోయాయి. మన వయసులో వచ్చినప్పుడు దాని నడక వేరుగా ఉంటుంది.

ఒక ఇంట్లో పెద్దాయనకు డెంగీ అని తేలిందనుకోండి. ఆ రోజు నుంచి కుటుంబం వాట్సాప్ గ్రూపులో పొద్దున ఒక ప్లేట్‌లెట్ల నంబరు, సాయంత్రం ఒక నంబరు. నాన్నగారికి 62 వేలు. ఇప్పుడు 48 వేలు. హైదరాబాద్‌లో ఉన్న కొడుకు, అమెరికాలో ఉన్న కూతురు, అందరూ ఆ ఒక్క నంబరు పట్టుకుని టెన్షన్ పడుతుంటారు. బ్లడ్ బ్యాంకులకు ఫోన్లు మొదలవుతాయి. వాళ్ల ప్రేమను నేను తప్పు పట్టను. కానీ నాడి ఎంత కొట్టుకుంటోంది, బీపీలో పై అంకెకూ కింది అంకెకూ తేడా ఎంత ఉంది, మధ్యాహ్నం నుంచి ఎన్నిసార్లు మూత్రానికి వెళ్లారు అని అడిగేవాళ్లు ఎంత అరుదో! డెంగీలో ప్రాణం మీదికి తెచ్చేది చాలాసార్లు ప్లేట్‌లెట్లు తగ్గడం కాదండీ. రక్తనాళాల్లోంచి నీరు బయటికి పోవడం, ఆ సమయంలో గుండె తట్టుకోలేకపోవడం.

జ్వరం నడిచే తీరు ముందు చెబుతాను, ఎందుకంటే మిగతాదంతా దాని మీదే ఆధారపడి ఉంది. దోమ కుట్టాక సాధారణంగా నాలుగు నుంచి పది రోజుల్లో జ్వరం మొదలవుతుంది. రెండు నుంచి ఏడు రోజులు కాస్తుంది. ఒళ్లు నొప్పులు, కళ్ల వెనక నొప్పి, తలనొప్పి, వాంతులు. ఈ రోజుల్లో మనిషి బాగా బాధపడతాడు గానీ ప్రమాదం తక్కువ. అసలు ప్రమాదం జ్వరం దిగేటప్పుడు వస్తుంది. మూడో రోజు నుంచి ఏడో రోజు లోపల, ఒళ్లు చల్లబడిన ఆ ఒకటి రెండు రోజులు. ఇంట్లో వాళ్లేమో "హమ్మయ్య, జ్వరం పోయింది, ఇక పరవాలేదు" అని కాస్త కునుకు తీసే సమయం అదే.

ఆ సమయంలో లోపల ఏం జరుగుతుంది? మన రక్తనాళాల లోపలి గోడకు సన్నని జిగురు పొర ఒకటి ఉంటుంది. వైరస్ విడుదల చేసే ఎన్ఎస్1 అనే ప్రొటీన్, మీరు జ్వరం మొదట్లో చేయించుకునే పరీక్షలో చూసేది అదే, ఆ పొరను దెబ్బతీస్తుంది. దాంతో పాటు వైరస్ మీద మన ఒళ్లు చేసే పోరాటంలో పుట్టే రసాయనాలు కూడా నాళాల గోడలను వదులు చేస్తాయి. కొత్త కుండలో నీళ్లు పోస్తే పైకి చెమ్మ ఊరుతుంది చూడండి, అలా రక్తంలోని పల్చటి ద్రవం ఊరి బయటికి పోతుంది. ఎర్రకణాలు నాళాల్లోనే ఉండిపోతాయి, రక్తం చిక్కబడుతుంది. ఊరిన నీరు పొట్టలో, ఊపిరితిత్తుల చుట్టూ చేరుతుంది. కొందరికి గుండె చుట్టూ ఉన్న సంచిలో కూడా కాస్త చేరుతుంది.

మీ ల్యాబ్ రిపోర్టులో ప్లేట్‌లెట్ల లైనుకు కాస్త పైన పీసీవీ అని, లేకపోతే హెమటోక్రిట్ అని ఒక అంకె ఉంటుంది. రక్తం ఎంత చిక్కబడిందో చెప్పేది అది. మొదటి రోజు 40 ఉన్నది నాలుగో రోజుకు 48 అయితే, అంటే ఐదో వంతు పెరిగితే, నీరు బాగా కారుతోందని అర్థం. ప్లేట్‌లెట్లు దబదబా పడిపోతూ పీసీవీ పెరుగుతుంటే మేం జాగ్రత్తపడతాం. ప్లేట్‌లెట్లు 40 వేలున్నా పీసీవీ కదలకుండా, మనిషి చక్కగా తాగుతూ మూత్రానికి వెళుతుంటే మాకు అంత కంగారు ఉండదు. ఈసారి రిపోర్టు ఫొటో తీసి పంపేటప్పుడు ఆ పీసీవీ కూడా కనపడేలా పంపండి.

ఇప్పుడు బీపీ దగ్గరికి వద్దాం. ఇది మాత్రం కాస్త నిదానంగా వినండి. మామూలుగా మీ బీపీ 120/80 అనుకుందాం. తేడా 40. డెంగీలో నీరు కారిపోతున్నప్పుడు ముందు పడిపోయేది పై అంకె అనుకుంటాం. అలా కాదు. నాళాల్లో రక్తం తగ్గిందని ఒళ్లు గ్రహించి చేతుల్లో కాళ్లలో ఉన్న నాళాలను బిగిస్తుంది. దాంతో కింది అంకె పైకి వస్తుంది. 120/80 కాస్తా 114/88 అవుతుంది. తర్వాత 110/90. చూసినవాళ్లు "నూట పది ఉంది, బాగానే ఉందిగా" అంటారు. పైగా కింది అంకె 90 ఉంది కాబట్టి బీపీ మాత్ర వేసేస్తారు కూడా! కానీ అక్కడ తేడా 20కి వచ్చేసింది. తేడా 20 లేదా అంతకంటే తక్కువకు వస్తే దాన్ని మేం షాక్ కిందే, అంటే ఒంటికి చాలినంత రక్తం అందని స్థితి కిందే లెక్క వేస్తాం. మనిషి మాట్లాడుతూనే ఉంటాడు, అడిగినదానికి జవాబు చెబుతూనే ఉంటాడు. చేతులు మాత్రం చల్లగా, తడిగా ఉంటాయి. గోరు మీద నొక్కి వదిలితే రెండు సెకన్లలో మళ్లీ ఎరుపు రావాలి, రాదు. పై అంకె కూడా పడిపోయేదాకా ఆగితే చాలా ఆలస్యమైపోతుంది.

ఆ సమయంలో గుండె ఏం చేయాలి? రక్తం తక్కువుంది కాబట్టి ఎక్కువసార్లు కొట్టుకుని లోటు పూడ్చాలి. నాడి 100కి, 110కి, 120కి పెరగాలి. అది పెరగడమే మాకు హెచ్చరిక. ఇక్కడే మన వయసు వాళ్లకు చిక్కుంది. మీలో మెటోప్రొలాల్, అటెనొలాల్, బిసొప్రొలాల్ లాంటి మాత్రలు వాడేవాళ్లు ఉన్నారు. వాటి పనే నాడిని పెరగనివ్వకపోవడం. ఆ మాత్ర ఒంట్లో ఉన్న మనిషికి షాక్ వస్తున్నా నాడి 78 దగ్గరే ఉండొచ్చు. చూసే నర్సు చార్టులో 78 రాసి వెళ్లిపోతుంది. అందుకే ఆసుపత్రికి వెళ్లగానే ఏ మాత్రలు వాడుతున్నారో, ఆ స్ట్రిప్పులే తీసుకెళ్లి చూపించండి. "బీపీ మాత్రండీ, తెల్లగా చిన్నగా ఉంటుంది" అంటే మాకు ఏం తెలుస్తుంది చెప్పండి.

ఇక గుండెకే నేరుగా వచ్చే దెబ్బ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో డెంగీని కొత్తగా వర్గీకరించినప్పుడు తీవ్రమైన డెంగీ అంటే మూడు రకాలని చెప్పింది. నీరు విపరీతంగా కారిపోవడం, తీవ్రమైన రక్తస్రావం, మూడోది అవయవాలు దెబ్బతినడం. ఆ మూడోదానిలో కాలేయం, మెదడుతో పాటు గుండెనూ చేర్చారు. వైరస్ గుండె కండరంలోకి నేరుగా వెళ్లగలదు. డెంగీతో చనిపోయిన కొందరి గుండె కండరాన్ని పరీక్షిస్తే అందులో వైరస్ ఆనవాళ్లు దొరికాయి. అది కాక రోగనిరోధక వ్యవస్థ విడుదల చేసే రసాయనాల ప్రభావం, ఒంట్లో పొటాషియం, కాల్షియం తారుమారు కావడం ఇవన్నీ కలుస్తాయి. కండరం వాస్తే దాన్ని మయోకార్డైటిస్ అంటాం. చాలామందికి అది ఈసీజీలో చిన్న మార్పుగా వచ్చి, మనిషికి తెలియకుండానే పోతుంది. ఎంతమందికి వస్తుందన్న దాంట్లో ఒక్కో అధ్యయనం ఒక్కో లెక్క చెబుతుంది, ఎందుకంటే కొందరు ఈసీజీని బట్టి లెక్కపెట్టారు, కొందరు గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ట్రోపోనిన్‌ని బట్టి, కొందరు గుండెకు చేసే స్కాన్ ఎకోని బట్టి. మీరు ఆ శాతాలు గుర్తుపెట్టుకోవక్కర్లేదు. కొద్దిమందికి మాత్రం పంపింగ్ నిజంగానే పడిపోతుంది, వాళ్లను గుర్తించడం ముఖ్యం.

ఒకాయన సంగతి చెబుతాను. పాయకాపురం వైపు వెల్డింగ్ షాపు. నలభై దాటాయి, మొన్నటిదాకా ఏ మాత్రా ఎరగని మనిషి. నాలుగు రోజులు జ్వరం కాచింది, ఒళ్లు నొప్పులకు ఎక్కడో ఇంజెక్షన్లు చేయించుకున్నారు. ఐదో రోజు పొద్దున జ్వరం లేదు. మధ్యాహ్నానికి ఛాతీలో బరువు, నాలుగడుగులు వేస్తే ఆయాసం. దగ్గర్లో ఉన్న చోట ఈసీజీ తీస్తే మార్పులున్నాయి. ట్రోపోనిన్ చేస్తే ఎక్కువుంది. అది చూసిన ఎవరికైనా గుండెపోటు అనే అనిపిస్తుంది, అలా అనిపించడంలో తప్పు లేదు. గుండెపోటుకు ఇచ్చే మందులు ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, హెపారిన్. మూడూ రక్తం గడ్డకట్టకుండా చేసేవే. ప్లేట్‌లెట్లు పడిపోయిన మనిషికి అవి పడితే కడుపులోనో మెదడులోనో రక్తం కారితే ఆపేదెవరు? ఆయన భార్య ఆ సమయంలో ఒక మాట అన్నారు. "ఐదు రోజుల నుంచి జ్వరమండీ, ఇవాళే తగ్గింది." ఆ మాటతో రక్తపరీక్ష ముందుకొచ్చింది. ప్లేట్‌లెట్లు 31 వేలు. డెంగీ సోకిందని చెప్పే ఐజీఎం పరీక్ష పాజిటివ్.

ఎకో చేసినప్పుడు గుండె ఎలా కదులుతోందో స్క్రీన్ మీద కనిపిస్తుంది. గుండెపోటులో ఏ నాళం మూసుకుపోయిందో అది రక్తం అందించే గోడ ఒక్కటే కదలడం మానేస్తుంది, మిగతా గోడలు గట్టిగానే కొట్టుకుంటుంటాయి. ఈయనకు అలా లేదు. నాలుగు వైపులా గోడ ఒకేలా నీరసంగా కదులుతోంది. మామూలుగా 55 శాతం పైన ఉండాల్సిన పంపింగ్ 35 దగ్గర ఉంది. రక్తం పలుచన చేసే మందులు పక్కన పెట్టి, ఐసీయూలో ఉంచి, సెలైన్ చుక్క చుక్కా లెక్కపెట్టి ఎక్కించారు. పంపింగ్‌కి కొద్ది రోజులు మందు నడిపారు. వారంలో ఇంటికి వెళ్లారు. కొన్ని వారాల తర్వాత ఎకోలో పంపింగ్ మామూలుకు వచ్చింది. మయోకార్డైటిస్‌లో ఊరటనిచ్చే సంగతి ఇదే. ఆ గడ్డు రోజులు దాటిస్తే చాలామందికి గుండె తిరిగి కోలుకుంటుంది. డెంగీ వైరస్‌ని చంపే మందంటూ ఇంకా లేదు, గుండెకూ ప్రత్యేకమైన మందు లేదు. ఉన్నదల్లా కనిపెట్టుకుని ఉండటమే.

ఇంతకంటే నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఇంకోటి ఉంది. సెలైన్.

జ్వరం రాగానే "రెండు బాటిళ్లు ఎక్కించండి డాక్టరు గారూ, నీరసంగా ఉంది" అని అడగటం మనకు అలవాటు. అర లీటరు సెలైన్ బాటిల్‌లో ఉండేది నీళ్లు, నాలుగున్నర గ్రాముల ఉప్పు. అందులో బలం ఏమీ లేదు. నోటితో తాగగలిగే మనిషికి జ్వరం మొదటి రోజుల్లో దాని అవసరమూ లేదు. ఓఆర్ఎస్, మజ్జిగ, కొబ్బరినీళ్లు, గంజి చాలు. నీరు కారిపోయే ఆ ఒకటి రెండు రోజుల్లో మాత్రం సెలైనే ప్రాణం కాపాడుతుంది. అప్పుడు గంటగంటకూ నాడి, బీపీ, మూత్రం, మధ్యమధ్యలో పీసీవీ చూసుకుంటూ, పెంచుతూ తగ్గిస్తూ ఇవ్వాలి. సరిగ్గా కావలసినంతే ఇవ్వాలి.

ఎందుకంత లెక్క అంటారా? ఆ రెండు రోజులూ దాటాక నాళాల గోడలు మళ్లీ బిగుసుకుంటాయి. అంతవరకు పొట్టలోకి, ఛాతీలోకి ఊరిపోయిన నీరంతా తర్వాతి రెండు మూడు రోజుల్లో తిరిగి రక్తంలోకి వస్తుంది. ఎక్కడికీ పోలేదండీ ఆ నీరు. అప్పటికే మనం బాటిల్ మీద బాటిల్ ఎక్కించి ఉంటే, ఇంకా ఎక్కిస్తూనే ఉంటే, ఆ రెండు నీళ్లూ కలిసి గుండె మీద పడతాయి. ఇరవై ఏళ్ల కుర్రాడి గుండె దాన్ని మూత్రంలోకి తోసేస్తుంది. ఒకసారి స్టెంట్ వేయించుకున్న గుండె, ఏళ్ల తరబడి బీపీతో గట్టిపడ్డ గుండె, డెంగీతోనే వాచి ఉన్న గుండె తోయలేదు. నీరు ఊపిరితిత్తుల్లో నిలిచిపోతుంది. డెంగీ తగ్గిపోయిందనుకున్న మనిషి అర్ధరాత్రి లేచి కూర్చుంటాడు. పడుకుంటే ఆయాసం, కూర్చుంటే కాస్త నయం, పొడిదగ్గు. ఆ మాట విన్నారంటే ఇంకో బాటిల్ పెట్టనివ్వకండి, వెంటనే డ్యూటీ డాక్టరుని పిలవండి.

కోలుకునే దశ మొదలైందని ఒంటిని చూస్తే తెలుస్తుంది. ఆకలి వేస్తుంది. మూత్రం ధారాళంగా వస్తుంది. చేతులు కాళ్లు దురద పెడతాయి, ఒళ్లంతా ఎర్రబారి మధ్యమధ్య తెల్లటి మచ్చల్లా చర్మం కనిపిస్తుంది. ఆ దద్దుర్లు చూసి జబ్బు ముదిరిందని భయపడతారు గానీ అవి కోలుకుంటున్న గుర్తులు. అప్పటికీ సెలైన్ నడుస్తుంటే, ఇంకా ఎందుకని డాక్టరు గారిని మర్యాదగా అడగండి. అడిగే హక్కు మీకుంది.

కోలుకునేటప్పుడే ఇంకో చిత్రం జరుగుతుంది. నాడి బాగా నెమ్మదిస్తుంది. 50, ఒక్కోసారి ఇంకా తక్కువ. చాలామందిలో ఇది వచ్చి, కొద్ది రోజుల్లో తనంతట తానే సర్దుకుంటుంది. దానికి భయపడక్కర్లేదు. కానీ ఒక ఈసీజీ తీయించాలి, ఎందుకంటే గుండె పై గదుల నుంచి కింది గదులకు కరెంటు వెళ్లే దారిలో అడ్డంకి ఏర్పడినా నాడి అలాగే తగ్గుతుంది. కొద్దిపాటి అడ్డంకి అయితే కనిపెట్టుకుని ఉంటే చాలు. ఎక్కడో ఒకరికి ఆ దారి పూర్తిగా ఆగిపోతే తాత్కాలికంగా పేస్‌మేకర్ పెట్టాల్సి వస్తుంది. నాడి 50 ఉండి మనిషి లేచి హాయిగా ఇడ్లీ తింటుంటే ఒక సంగతి. నాడి 42 ఉండి బాత్‌రూమ్‌కి వెళ్తూ కళ్లు తిరిగి పడితే వేరే సంగతి, అప్పుడు 108కి ఫోన్ చేయండి. కొందరికి నాడి లయ తప్పి అడ్డదిడ్డంగా కొట్టుకుంటుంది, గుండె దడగా ఉందంటారు. దానికీ ఈసీజీయే.

నాడి చూడటం రాదంటారా? కోవిడ్ రోజుల్లో ప్రతి ఇంట్లో ఒక పల్స్ ఆక్సీమీటర్ కొన్నారు. ఇప్పుడు ఏ బీరువాలోనో ఉంటుంది. తీసి కొత్త బ్యాటరీలు వేయండి. అందులో ఆక్సిజన్‌తో పాటు నాడి కూడా చూపిస్తుంది. అయితే వేలు బాగా చల్లగా ఉంటే అది సరిగ్గా చూపించదు. చూపించనంత చల్లగా వేలుందంటే అదే ఒక ప్రమాద సూచన అనుకోండి.

ఇంకో మాట చెప్పి ప్రశ్నలకు వస్తాను. ఒళ్లు నొప్పులకు డైక్లో ఇంజెక్షన్ చేయించుకోవద్దు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ ఏవీ వద్దు. కడుపులో పుండు పడేలా చేస్తాయి, రక్తస్రావం పెంచుతాయి. ప్లేట్‌లెట్లు తగ్గినప్పుడు కండకు సూది గుచ్చితే అక్కడ రక్తం గడ్డలా పేరుకుంటుంది. జ్వరానికి, నొప్పులకు పారాసిటమాల్ ఒక్కటే, అదీ డాక్టరు చెప్పిన మోతాదులో. డెంగీలో కాలేయం కూడా వాచి ఉంటుంది కాబట్టి దాన్నీ ఇష్టం వచ్చినట్టు మింగకూడదు. స్టెరాయిడ్ ఇంజెక్షన్‌తో జ్వరం దిగినట్టు అనిపిస్తుంది, డెంగీకి దానివల్ల మేలు జరుగుతుందని రుజువు లేదు. షుగర్ ఉన్నవాళ్లకు షుగర్ మాత్రం ఎగబాకుతుంది.

సరే, అడగండి.

ప్రశ్న: మా వారికి స్టెంట్ వేసి ఏడాది కాలేదు. రోజూ ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వేసుకుంటారు. డెంగీ వస్తే ఆపేయాలా అండి?

మీకు మీరుగా ఆపొద్దమ్మా. మీకు మీరుగా కొనసాగించనూ వద్దు. స్టెంట్ కొత్తది అయితే, మాత్ర ఆపితే అందులో గడ్డ కట్టి గుండెపోటు రావచ్చు. కొనసాగిస్తే రక్తస్రావం కావచ్చు. రెండూ ప్రాణాంతకమే. స్టెంట్ ఎప్పుడు వేశారు, ప్లేట్‌లెట్లు ఎంత, ఎంత వేగంగా తగ్గుతున్నాయి, ఎక్కడైనా రక్తం వస్తోందా అన్నవి చూసి ఒక మందు ఆపాలా, రెండూ ఆపాలా, ఎన్ని రోజులు అన్నది తేలుస్తారు. మీ గుండె డాక్టరు, జ్వరం చూస్తున్న డాక్టరు మాట్లాడుకుని తేల్చాల్సిన సంగతి అది. మీరు చేయాల్సింది ఒకటి. జ్వరం వచ్చిన మొదటి రోజే గుండె డాక్టరు గారికి తెలియజేయండి, ప్లేట్‌లెట్లు పడిపోయేదాకా ఆగకండి. ఆస్పిరిన్ ఇవాళ ఆపినా దాని ప్రభావం వారం, పది రోజులు ఉంటుంది. గుండె వాల్వు మార్చి, రక్తం గడ్డకట్టకుండా ఎసిట్రోమ్ మాత్ర వాడేవాళ్లకు కూడా ఇదే మాట, ఇంకా గట్టిగా.

ప్రశ్న: నాకు గుండె పంపింగ్ తక్కువ. రోజుకు లీటరున్నరకు మించి నీళ్లు తాగొద్దన్నారు, నీరు పోయే మాత్ర కూడా వేసుకుంటాను. డెంగీకేమో బాగా తాగాలంటున్నారు. ఏది చేయాలి?

ఈ ప్రశ్న అడిగినందుకు సంతోషం. మీ లాంటివాళ్లు డెంగీని ఇంట్లో పెట్టుకుని చూసుకోకూడదు. ఇరవై ఏళ్లవాడు మూడు రోజులు ఇంట్లో ఉండి చూడొచ్చు, మీరు డెంగీ అని తేలిన రోజే చేరిపోవడం మంచిది. ఎందుకంటే మీకు తక్కువైనా ప్రమాదమే, ఎక్కువైనా ప్రమాదమే, మధ్యలో ఉన్న సందు చాలా సన్నం. రోజూ బరువు చూస్తారు, ఎంత తాగారో ఎంత పోయిందో రాస్తారు, ఎకో చేసి గుండె ఎంత నిండిందో చూసి మరీ సెలైన్ నిర్ణయిస్తారు. నీరు పోయే మాత్ర, బీపీ మాత్ర, కొన్ని షుగర్ మాత్రలు ఆ నాలుగు రోజులు ఆపాల్సి రావచ్చు. ఏవి ఆపారో, మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో డిశ్చార్జి కాగితంలో రాయించుకోండి. ఆపిన మాత్రలను తర్వాత మొదలుపెట్టడం మర్చిపోయి నెల తర్వాత ఆయాసంతో వచ్చేవాళ్లను చూస్తుంటాను.

ప్రశ్న: ప్లేట్‌లెట్లు 20 వేలకు వస్తే ఎక్కించాల్సిందేగా డాక్టరు గారూ?

రక్తస్రావం లేకపోతే అక్కర్లేదు. సింగపూర్, మలేషియా ఆసుపత్రుల్లో సరిగ్గా ఈ ప్రశ్న మీదే పెద్దవాళ్లలో ఒక అధ్యయనం చేశారు, 2017లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. 20 వేలు, అంతకు తక్కువ ఉన్నవాళ్లలో సగం మందికి ప్లేట్‌లెట్లు ఎక్కించారు, సగం మందికి ఎక్కించలేదు. రక్తస్రావం ఆపడంలో ఎక్కించినందువల్ల ప్రయోజనం కనిపించలేదు. పైగా ఎక్కించినవాళ్లలోనే ఇబ్బందులు ఎక్కువ వచ్చాయి. రక్తం కారుతుంటే, లేదా 10 వేల కంటే దిగువకు పడితే ఆలోచిస్తాం. ప్లేట్‌లెట్ల సంచి కూడా ద్రవమేనండీ. ఇందాక సెలైన్ గురించి చెప్పిందంతా దానికీ వర్తిస్తుంది.

ప్రశ్న: బొప్పాయి ఆకు రసం?

ప్లేట్‌లెట్లు కాస్త తొందరగా పెరుగుతాయని చిన్నచిన్న అధ్యయనాలు కొన్ని చెప్పాయి. నీరు కారడాన్ని గానీ, గుండె వాపును గానీ అది ఆపుతుందని రుజువు లేదు. చేదు రసం తాగి వాంతులు చేసుకుంటే తాగిన ఓఆర్ఎస్ కూడా పోతుంది. నేను ఇవ్వను.

ప్రశ్న: బుడమేరు వరద తర్వాత మా సింగ్‌నగర్‌లో జ్వరాలు చూశాం. మళ్లీ మళ్లీ వస్తుందా ఈ డెంగీ?

వస్తుందండీ. ఈ వైరస్‌లో నాలుగు రకాలున్నాయి. ఒక రకం వచ్చిపోతే ఆ రకం మళ్లీ రాదు, మిగతా మూడూ రావచ్చు. రెండోసారి వేరే రకం వస్తే తీవ్రంగా వచ్చే అవకాశం ఎక్కువ. మొదటిసారి వచ్చినట్టు మీకు తెలియకపోనూ వచ్చు. 2013లో వేసిన ఒక అంచనా ప్రకారం ప్రపంచంలో ఏడాదికి 39 కోట్ల మందికి సోకితే, లక్షణాలు కనిపించేది 9.6 కోట్ల మందికే. అంటే మనలో చాలామందికి ఇది రెండోసారో మూడోసారో కావచ్చు. పెద్దవాళ్లలో జాగ్రత్త ఎక్కువ అవసరం అనడానికి అదీ ఒక కారణం. 2024లో వరద తీశాక అందరం మురుగు గురించే మాట్లాడాం. ఈ దోమ మాత్రం ఇంట్లో పట్టి పెట్టుకున్న శుభ్రమైన నీళ్లలో పెరుగుతుంది. ట్యాంకరు నీళ్లు పట్టిన డ్రమ్ములు, మూత సరిగ్గా పడని సంపు, ఫ్రిజ్ వెనక ట్రే. గుడ్లు ఎండిపోయినా నెలల తరబడి బతికే ఉంటాయి కాబట్టి డ్రమ్ము ఒంపేస్తే చాలదు, లోపల గోడ పీచుతో రుద్ది కడగాలి. కుట్టేది పగలు, ముఖ్యంగా తెల్లవారాక కాసేపు, పొద్దుగూకే ముందు. మీరంతా నిక్కర్లతో నడిచే సమయం సరిగ్గా అదే. ఈ సీజన్‌లో పొడుగు ప్యాంటు వేసుకోండి.

ప్రశ్న: డెంగీ తగ్గాక మళ్లీ నడక ఎప్పుడు మొదలుపెట్టొచ్చు?

గుండెకు ఏమీ కాని వాళ్లు, నీరసం తగ్గాక, ఒకటి రెండు వారాల్లో నెమ్మదిగా మొదలుపెట్టొచ్చు. మొదటి వారం గ్రౌండ్ చుట్టూ ఒక రౌండు, కూర్చోవాలనిపిస్తే కూర్చోండి. నడుస్తుంటే ఆయాసం, దడ, ఛాతీలో బరువు వస్తే అక్కడితో ఆపి ఈసీజీ తీయించండి. మయోకార్డైటిస్ అని తేలినవాళ్ల సంగతి వేరు. వాచిన గుండె మీద గట్టి వ్యాయామం పెడితే లయ తప్పే ప్రమాదం ఉంది. మూడు నుంచి ఆరు నెలలు వేగపు నడక, పరుగు, షటిల్, జిమ్ అన్నీ బంద్. ఇంట్లో, వీధిలో మామూలుగా తిరగొచ్చు. ఆ తర్వాత ఎకో, ఈసీజీ, అవసరమైతే రోజంతా గుండె లయను రికార్డు చేసే హోల్టర్ చూసి డాక్టరు గారు సరేనన్నాక మళ్లీ మొదలుపెట్టండి.

వచ్చే ఆదివారం నడక అయ్యాక ఇక్కడే కూర్చుందాం. మణికట్టు దగ్గర నాడి ఎలా లెక్కపెట్టాలో చూపిస్తాను. ఇంట్లో డిజిటల్ బీపీ మిషన్ ఉన్నవాళ్లు తెచ్చుకోండి, అది సరిగ్గా చూపిస్తోందో లేదో నా దానితో పోల్చి చూద్దాం. మీరు రోజూ వాడే మాత్రల పేర్లు, మోతాదులు ఒక కాగితం మీద రాసుకురండి. ఆ కాగితం ఒకటి పర్సులో, ఒకటి ఫ్రిజ్ మీద ఉండాలి.